పాతబస్తీ మిద్దె మీద రామములగ

భోజనంలో పులుపు కావలెనంటే తెలుగువారి చేయి మొదట చింతపండు వైపు పోతుంది. ఆ తరువాత మామిడికాయ, గోంగూర, చింతచిగురు, నిమ్మకాయ. ఈ వరుసలో చిట్టచివర వచ్చి చేరినది టమాటా. వచ్చిన నాడు వాకిట నిలబడిన ఈ అతిథి క్రమక్రమంగా వంటయింటిలోనికి నడచి, నేడు చింతపండుతో సమానాసనం మీద కూర్చున్నది.

హైదరాబాదు పాతనగరంలో ఈ సంగతి ప్రత్యక్షంగా కనిపిస్తుంది. లాల్‌దర్వాజా, గౌలిపురా ప్రాంతాల తెలుగు యిండ్లలో టమాటా పప్పుగాను, చారుగాను, రోటిపచ్చడిగాను ఉన్నది. హుస్సేనీ ఆలం, శాలిబండ ప్రాంతాల దక్కనీ యిండ్లలో అదే పండు ‘టమాటే కా కట్’ అయినది. పండ్లను ఉడికించి, గుజ్జు వడగట్టి, వేయించిన శనగపిండితో చిక్కబరచి, ఎండుమిరప, జీలకర్ర, కరివేపాకులతో పోపు పెట్టి, ఉడికిన కోడిగ్రుడ్లను అందులో వదలుతారు. గోడకు ఒక ప్రక్క చారు, మరొక ప్రక్క కట్. రెండింటికీ ఆధారం ఒకే పండు.

ఈ పండును మండీలో బేరమాడేటప్పుడు పెద్దవారు ఒక ప్రశ్న వేస్తారు: ‘ఇది నాటుదా, హైబ్రిడా?’ నాటుదంటే పలుచని తోలు, నొక్కులు పడిన ప్రక్కలు, నిండా రసం, నాలుక మీద నిలిచే పులుపు. చారుకు అదే కావాలి. ప్రశ్న సమంజసమైనదే. అయినా చరిత్ర చదివినవాడికి అందులో ఒక చిక్కు కనిపిస్తుంది. సముద్రాలు దాటి వచ్చిన పంటకు నాటుదనం ఎక్కడిది? అతిథి ఎన్ని తరాలు ఉంటే ఇంటివాడవుతాడు? ఈ ప్రసంగంలో దీనికి సమాధానం వెదకుదాము.

టమాటాకు పుట్టినిల్లు దక్షిణ అమెరికా పడమటి అంచున ఉన్న ఆండీస్ పర్వతప్రాంతం. అక్కడ అది గోలీకాయలంత పండ్లు కాచే అడవితీగ. దానిని పెద్దకాయగా, తోటపంటగా తీర్చినవారు మెక్సికో ప్రాంతపు ప్రజలు. ఆజ్టెక్కుల నహువాతల్ భాషలోని ‘తొమాతల్’ అనే మాట నుండే నేటి పేరు పుట్టినది. 1521లో స్పెయిను సేనలు ఆజ్టెక్కుల రాజధానిని పట్టుకొన్న తరువాత, బంగారంతో పాటు గింజలు కూడా ఓడలెక్కినవి. 1544లో ఇటలీ దేశపు వైద్యుడు మత్తియోలి తన గ్రంథంలో ఈ పండును పేర్కొన్నాడు. ఐరోపావారు మాత్రం దీనిని వెంటనే నమ్మలేదు. ఇది ఉమ్మెత్త కుటుంబానికి చెందిన మొక్క. విషం ఉంటుందేమోనని భయపడినారు. చార్మినారు వెలసిన ఆరేండ్లకు, 1597లో, ఇంగ్లండులో జెరార్డు అనే మూలికావేత్త తన తోటలో దీనిని పెంచుతూనే, దీని వాసన మంచిది కాదనీ, దీనిలో పుష్టి తక్కువనీ వ్రాసినాడు. చాలా కాలం ఉత్తర ఐరోపాలో టమాటా చూచి ఆనందించే అలంకారపు మొక్కగానే ఉండిపోయినది.

మన దేశానికి ఈ మొక్క పోర్చుగీసువారి ఓడల మీద వచ్చినదని చరిత్రకారుల అభిప్రాయం. మిరప, బంగాళాదుంప, జామ, బొప్పాయి, వేరుసెనగ, సీతాఫలం కూడా అమెరికా ఖండాల నుండి మనకు చేరినవే. ఈ కొత్తవారికి మనవారు పెట్టిన పేర్లు చూడండి. కొందరికి ‘సీమ’ అనే ముద్ర వేసి దూరంగా నిలిపినారు: సీమవంకాయ, సీమచింత. మరికొందరిని దగ్గరకు తీసికొన్నారు. మెక్సికో వైపు నుండి వచ్చిన పండ్లు సీతాఫలం, రామాఫలం అయినవి. టమాటా రామములగ అయినది. నేలములక మొదలైన ములక జాతి మొక్కలు మన చేలగట్ల మీద ముందే ఉన్నవి. ఆకు, పువ్వు పోలికను బట్టి కొత్త మొక్కను ఆ కుటుంబంలో చేర్చి, రాముని పేరు తగిలించినారు. నాటు అనే గౌరవానికి ఇది తొలిమెట్టు. తమిళదేశానికి దగ్గరగా ఉన్న తెలుగువారు దీనినే తక్కాళి అన్నారు. ఈనాడు రామములగ అనే మాట నిఘంటువులకే పరిమితమైపోతున్నది; టమాటా అనే పేరే నిలిచినది.

పేరు పెట్టినంత త్వరగా మన పళ్ళెంలోనికి రానిచ్చినట్లు లేదు. 1889 నుండి 1893 వరకు సంపుటాలుగా వెలువడిన భారత ఆర్థికోత్పత్తుల నిఘంటువులో జార్జి వాట్, టమాటాను ఈ దేశంలో ప్రధానంగా ఐరోపావారి కొరకే పండిస్తున్నారనీ, దేశీయులు ఇప్పుడిప్పుడే దాని రుచి గ్రహిస్తున్నారనీ, వంగదేశీయులూ బర్మావారూ పులుసుకూరలలో వాడుతున్నారనీ వ్రాసినాడు. అంటే మన తాతముత్తాతల కాలంలో కూడా అది ఇంటింటి కూరగాయ కాదన్నమాట. 1806లో సికింద్రాబాదు దండు ఏర్పడిన తరువాత అటువంటి కూరగాయలకు హైదరాబాదు ప్రాంతంలో గిరాకీ కలిగి ఉంటుందనీ, దొరల బల్లల నుండి అది మెల్లగా నగరపు మండీలకు దిగివచ్చినదనీ ఊహించుట అసంగతం కాదు.

ఆ మొక్క వచ్చి చేరిన నగరం సామాన్యమైనది కాదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన హైదరాబాదు పుట్టుకతోనే తోటల నగరం. బాగ్ లింగంపల్లి, బషీర్‌బాగ్, మూసారాంబాగ్ అనే పేర్లు నేటికీ అందుకు సాక్ష్యం పలుకుతున్నవి. దూద్‌బౌలి, పుత్లీబౌలి అనే పేర్లు ఆ తోటలను తడిపిన బావులను జ్ఞాపకం చేస్తున్నవి. ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఈ నగరపు రాజప్రాసాదాన్ని వర్ణిస్తూ, మేడల కప్పుల మీద తోటలున్నవనీ, అందులో పెద్ద పెద్ద వృక్షాలు పెరుగుతున్నవనీ, అంత బరువును క్రింది కమానులు ఎట్లు మోయుచున్నవో తెలియక ఆశ్చర్యం కలుగుతుందనీ వ్రాసినాడు. ఈనాడు మిద్దెతోట అని మనం చెప్పుకొనే దానికి ఈ నగరంలోనే మూడువందల యాభై ఏండ్ల పూర్వరంగం ఉన్నదన్నమాట.

రాజుల తోటలు పోయినవి. సామాన్యుల తోట మాత్రం వేరొక రూపంలో నిలిచినది. పాతబస్తీ యిల్లు అంటే నడుమ ఒక ముంగిలి, ఆ ముంగిలిలో ఒక బావి, బావి ప్రక్కన దానిమ్మ చెట్టో నిమ్మచెట్టో, కరివేపాకు, పుదీనా, నాలుగు మిరప మొక్కలు. బియ్యం కడిగిన నీరు మొక్కల మొదళ్ళకే పోయేది. మీర్ ఆలం దివానుగా ఉన్న కాలంలో, అర్ధచంద్రాకారపు కమానులను వరుసగా కూర్చి కట్టిన కట్టతో ఏర్పడిన చెరువు పాతనగరానికి త్రాగునీరిచ్చినది. ఆయన పేరు మీదనే ఉన్న మీర్ ఆలం మండీ నేటికీ ఆ ప్రాంతపు కూరగాయల అంగడి. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి నగరాన్ని ముంచినప్పుడు, అఫ్జల్‌గంజి దగ్గర ఒక చింతచెట్టు సుమారు 150 మందిని తన కొమ్మల మీద నిలిపి కాపాడినది. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. ఈ నగరంలో మనిషికీ మొక్కకూ గల ఋణానుబంధానికి ఇంతకంటె వేరే దృష్టాంతం కావాలా?

ఇక మన ప్రశ్నకు వద్దాము. టమాటా నాటుదెట్లు అవుతుంది? దాని పువ్వులో ఉన్నది ఈ రహస్యం. టమాటా పువ్వులో పసుపుపచ్చని పుప్పొడి తిత్తులు ఒక గొట్టంలా కలిసి, కీలాగ్రాన్ని చుట్టుకొని ఉంటవి. అందుచేత చాలావరకు ఏ పువ్వు పుప్పొడి ఆ పువ్వు మీదనే పడుతుంది. తల్లిమొక్క గుణమే పిల్లమొక్కకు వస్తుంది. ఒక గృహిణి తన పెరటిలో బాగా కాచిన మొక్కను గుర్తించి, దాని గింజ దాచి, మరుసటి ఏడు నాటి, తిరిగి అందులో మంచిదానిని ఎన్నుకొంటే, ఇరువది ముప్పది ఏండ్లలో ఆ విత్తనం ఆ యింటి నీటికి, ఆ వీధి ఎండకు, ఆ వంట రుచికి తగినట్లు తయారవుతుంది. అది అత్త నుండి కోడలికి, పుట్టింటి నుండి అత్తవారింటికి ముడుపుగా పోతుంది. దీనినే వంశవిత్తనం అనవచ్చును. ఎక్కడ పుట్టినదన్నది ముఖ్యం కాదు. ఎవరి చేతిలో ఎన్ని తరాలు ఎన్నిక పొందినదన్నదే ముఖ్యం. నాటుదనం అంటే ఇదే.

సంకరవిత్తనం కథ వేరు. రెండు భిన్నవంశాలను కలిపి పుట్టించిన మొదటి తరం మొక్క బలంగా పెరిగి, ఒకే తీరు కాయలు విరివిగా కాస్తుంది. కాని ఆ కాయలోని గింజను దాచి నాటితే, మెండెలు చెప్పిన సూత్రం ప్రకారం గుణాలు విడిపోతవి. ఒక మొక్క తాతను, మరొక మొక్క అవ్వను పోలుతుంది. అందుచేత రైతు ఏటేటా విత్తనం కొనవలసినదే. మన దేశంలో బెంగుళూరు నుండి 1973లో ‘కర్ణాటక’ అనే సంకర టమాటా విక్రయానికి వచ్చినది. 1988 నాటి కొత్త విత్తన విధానం ఆ మార్గాన్ని మరింత విశాలం చేసినది. ఈ విత్తనాలను దూషించుట న్యాయం కాదు. తెగుళ్ళను తట్టుకొని, దూరప్రయాణానికి ఓర్చి, కోట్లాది ప్రజలకు టమాటాను అందుబాటులోనికి తెచ్చినవి అవే. మదనపల్లె వంటి పెద్ద మార్కెట్టు నుండి లారీలో కదలి దూరప్రాంతం చేరవలసిన పండుకు గట్టితోలు తప్పదు.

అయితే ఆ గట్టితనానికి మనం చెల్లించిన వెల కూడా ఉన్నది. పూర్వపు టమాటాలు పచ్చిగా ఉన్నప్పుడు తొడిమ చుట్టూ ముదురాకుపచ్చని భుజాలు ఉండేవి. పండినప్పుడు ఒకే రంగు రావలెనని, ఆ భుజాలు లేని రకాలను డెబ్బది ఏండ్లకు పైగా ఎన్నుకొంటూ వచ్చినారు. 2012లో శాస్త్రజ్ఞులు వెల్లడించినదేమంటే, ఆ ఆకుపచ్చ భుజాలు కాయలో చక్కెర తయారీకి తోడ్పడే జన్యువు గుర్తులు; వాటితో పాటు తీపిలో కొంత భాగం కూడా పోయినది. కంటికి ఇంపు కొన్నాము, నాలుకకు అమ్మినాము. అదే 2012లో 14 దేశాల శాస్త్రజ్ఞులు కలిసి టమాటా జన్యుపటాన్ని పూర్తిగా చదివినారు; సుమారు 35,000 జన్యువులు లెక్క తేలినవి. ఆ పనిలో భారతదేశం కూడా పాల్గొన్నది. మన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కూడా టమాటా జన్యువనరుల నిలయమొకటి ఉన్నది.

ఇన్ని విద్యాసంస్థలుండగా మన పెరటి నాలుగు మొక్కలతో పనేమి అని అడుగవచ్చును. సంస్థలు గింజను చల్లని గదిలో భద్రపరుస్తవి. అది అవసరమే. కాని చల్లని గదిలోని గింజ నిద్రపోతుంది. మన మారే ఎండలను, మారే వానలను అది ఎరుగదు. పెరటిలో ఏటేటా మొలిచే గింజ మాత్రం మనతో పాటు ఋతువులను అనుభవిస్తుంది. జహీరాబాదు దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుండి పనిచేస్తూ వచ్చిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘాలు చిరుధాన్యాల, పప్పుల విత్తనాలను ఊరూరా బుట్టలలో దాచి, చేలలో బ్రతికించినవి. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానం వారిని వరించినది. మెట్టచేలలో వారు చేసిన పనిని, నగరంలో మన మిద్దెల మీద చిన్నయెత్తున చేయవచ్చును. 2023 వానకారులో టమాటా కిలో నూరు రూపాయలు దాటి సామాన్యుని బెదిరించినది. మరికొన్ని ఋతువులలో ధర పడిపోయి రైతు దారిలో పారబోయవలసి వస్తున్నది. పదిమొక్కల తోట ఈ కష్టాన్ని తీర్చలేదు. కాని చారులోనికి రెండు పండ్లు, వాటితో పాటు ఒక వంశవిత్తనం మన చేతిలో ఉంటవి.

ఇక పని సంగతి. పాతయిండ్లలో ముంగిళ్ళు గోడలుగా చీలి, గదులుగా మారినవి. మిగిలినది మిద్దె. గచ్చుమిద్దె పాతదైతే తడిమట్టి బరువును నడుమ వేయరాదు. గోడల మీదుగా, దూలాల మీదుగా కుండీలను పేర్చవలెను. తవెర్నియే ఆశ్చర్యపడిన కమానులు అందరి యిండ్లలో లేవు గదా! అడుగు లోతు తగ్గని కుండీ గాని, అడుగున చిల్లులు పెట్టిన పాతడబ్బా గాని చాలును. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, వంటింటి చెత్తతో చేసిన కంపోస్టు కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చవలెను. కృత్రిమ ఎరువు అక్కరలేదు. ఈ కంపోస్టు విద్యకు ఆధునిక రూపమిచ్చిన ఆల్బర్టు హోవర్డు మన ఇండోరులో పనిచేసి, మన రైతుల అలవాట్లను గమనించి, 1931లో తన పద్ధతిని గ్రంథస్థం చేసినాడు. ప్రపంచం నేడు సేంద్రియమని పిలిచే మార్గంలో తొలి అడుగులలో ఒకటి ఈ దేశపు పేడకుప్ప దగ్గరనే పడినది.

హైదరాబాదుకు నారు పోయుటకు తొలకరి జూన్, జూలై నెలలు ఒక అదను. సెప్టెంబరు, అక్టోబరు నెలలు మరొక అదను. రెండవదే మేలు. చలికాలపు రాత్రులు పిందె పట్టుటకు అనుకూలం. మే నెల ఎండలో పువ్వు రాలిపోతుంది. అది మొక్క దోషం కాదు. గింజ వారం లోపల మొలుస్తుంది. నాలుగైదు వారాల నారును, కాండం సగం మట్టిలో మునిగేటట్లు నాటితే, ఆ కాండం మీద కొత్త వేళ్ళు పుట్టి మొక్క గట్టిపడుతుంది. పాతరకాలు తీగల వలె సాగుతవి గనుక వెదురుకర్ర ఊతం కావలెను. నీరు క్రమంగా పోయవలెను. ఒకనాడు ఎండగట్టి, మరొకనాడు ముంచితే కాయ అడుగు నల్లబడి కుళ్ళుతుంది. వంగ, మిరప పెంచిన మట్టిలో వెంటనే టమాటా వేయరాదు. అవి ఒకే కుటుంబం, వాటి తెగుళ్ళూ ఒకటే. కాయతొలుచు పురుగును మళ్ళించుటకు ప్రక్కన బంతిమొక్కలు నాటండి. ఆకుముడత వైరసును మోసేది తెల్లదోమ. లీటరు నీటిలో 50 గ్రాముల వేపగింజల పొడి ఒక రాత్రి నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంకాలం చల్లితే దాని బెడద తగ్గుతుంది. ముడత పూర్తిగా పట్టిన మొక్కను మాత్రం జాలి లేకుండా పెరికివేయవలెను.

అసలు పని విత్తనం దాచుటలో ఉన్నది. అందమైన కాయను కాదు, ఆరోగ్యమైన మొక్కను ఎన్నుకోండి. ఆ మొక్క మీద రెండవ, మూడవ గుత్తులలోని పండ్లను కొన్నిటిని వంటకు తీయకుండా, పూర్తిగా మగ్గనివ్వండి. గింజలను గుజ్జుతో సహా గాజుపాత్రలోనికి పిండి, కొద్దిగా నీరు చేర్చి, రెండు మూడు రోజులు నీడలో ఉంచితే పైన తెల్లని పొర కడుతుంది. ఈ పులియుట వలన గింజ చుట్టూ ఉన్న జిగురు కరిగిపోతుంది. తరువాత కడిగితే పొల్లుగింజలు తేలుతవి, మంచివి అడుగున నిలుస్తవి. వాటిని పళ్ళెంలో పలుచగా పరచి, నీడలో ఆరబెట్టి, కాగితపు పొట్లంలో కట్టి, పొట్లం మీద రకం పేరు, సంవత్సరం, ఎవరి యింటి నుండి వచ్చినదో వ్రాయండి. తడి తగలకుంటే నాలుగైదు ఏండ్ల వరకు మొలకెత్తుతవి. పాతరకాలలో కొన్నిటికి కీలాగ్రం వెలుపలికి పొడుచుకొని ఉంటుంది. అటువంటి వాటి పూగుత్తికి పలుచని గుడ్డసంచి కట్టుట మంచిది.

ఆ పొట్లం మీద వ్రాసిన మూడు పంక్తులే విత్తనానికి చరిత్ర. రాజుల చరిత్రకు శాసనాలున్నవి, యాత్రికుల గ్రంథాలున్నవి. పెరటి చరిత్రకు ఏ శాసనమూ లేదు. దాచిన చేయి ఆగిపోతే అది ఒక్క ఋతువుతో ముగిసిపోతుంది. మీ యింటిలోనో, మీకు తెలిసిన పెద్దవారి యింటిలోనో, పల్లె నుండి తెచ్చిన నొక్కుల టమాటా ఇంకా మిగిలి ఉంటే, వచ్చే అదనుకు ముందే పది గింజలు అడిగి తీసికొనండి. రెండు మొక్కలు మీరు ఉంచుకొని, మిగిలిన నారు పొరుగువారికి పంచిపెట్టండి. ఒక యింటిలో పోయినా మరొక యింటిలో అది నిలుస్తుంది.